వెనక గదికి వైఫై: అలమరలోని పాత రూటర్ చాలు

ఫైబర్ తీగ ఇంటి గుమ్మం దాకా వచ్చింది, ముందు గదిలో టీవీ హాయిగా నడుస్తోంది, వెనక గదిలో పిల్లల ఆన్‌లైన్ పాఠం మాత్రం ఆగి ఆగి వస్తోంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని ఇంకా ఎక్కువ వేగం ఉన్న ప్లాన్ తీసుకోవడం. నా ఉద్దేశంలో అది రోగం ఒకచోట, మందు ఒకచోట. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణాల్లో రెండు రకాల ఇళ్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి మందపాటి గోడల పాత పెంకుటిల్లు, రెండోది మీద అంతస్తు లేపిన స్లాబు ఇల్లు. రెండింటిలోనూ వేగాన్ని మింగేసేవి గోడలూ స్లాబులే. ప్లాన్ మారిస్తే గోడ పలచబడదు కదా.

ఇది ఎవరికి వారు తేల్చుకోగల విషయం. రూటర్ పక్కన నిలబడి ఫోన్‌లో వేగం కొలవండి, తర్వాత వెనక గదిలోకి వెళ్లి మళ్లీ కొలవండి. మొదటిచోట బాగుండి రెండోచోట పడిపోతే లోపం తీగలో లేదు, దారిలో ఉంది. వైఫై అంటే రేడియో తరంగాలే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం కాస్త దూరం పోతుంది, 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగంగా ఉన్నా గోడ తగిలితే త్వరగా నీరసిస్తుంది. మధ్యలో ఇనుప బీరువా గానీ, చువ్వలు పరిచిన స్లాబు గానీ ఉంటే సిగ్నల్ ఇంకా తగ్గుతుంది. కాబట్టి గోడ అవతల ఇంకొక రూటర్ పెట్టి, రెండింటినీ తీగతో కలపడమే సరైన మందు. ఆ రెండో రూటర్ కొత్తదే కానక్కర్లేదు. కనెక్షన్ మార్చినప్పుడు పక్కన పెట్టిన పాతది సరిపోతుంది.

పని ఒక పూటలో అయిపోతుంది. పాత రూటర్ వెనక చిన్న రంధ్రంలో రీసెట్ మీట ఉంటుంది. పిన్నీసుతో పది సెకన్లు నొక్కి పట్టుకుంటే పాత అమరికలన్నీ పోతాయి. అడుగున అంటించిన చీటీ మీద దాని చిరునామా, పాస్‌వర్డ్ ఉంటాయి. వాటితో లోపలికి వెళ్లి, కొత్త రూటర్ చిరునామా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వాలి. డీహెచ్‌సీపీ అనేదాన్ని తప్పకుండా ఆపేయాలి. ఇంట్లోని ప్రతి ఫోన్‌కూ నంబర్ ఇచ్చేది అదే. ఒకే వీధికి ఇద్దరు వచ్చి ఇంటి నంబర్లు వేస్తే ఉత్తరాలు ఎలా తారుమారవుతాయో, ఇద్దరూ నంబర్లు పంచితే ఇంటర్నెట్ కూడా అలాగే తికమకపడుతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు రూటర్లకూ ఒకటే పెట్టి, ఛానెల్ మాత్రం ఒకదానికి 1, ఇంకోదానికి 6 లేదా 11 ఇవ్వాలి. చివరగా కొత్తదాని ల్యాన్ పోర్టు నుంచి పాతదాని ల్యాన్ పోర్టుకే తీగ కలపాలి, ఇంటర్నెట్ అని రాసిన పోర్టుకు కాదు. ఈ తీగ 100 మీటర్ల వరకు బాగా పనిచేస్తుంది. ఏ ఇంటికైనా అది చాలు.

పాతది నెమ్మది కదా అంటారు కొందరు. నిజమే, చాలా పాత రూటర్ల పోర్టులు సెకనుకు 100 మెగాబిట్లు దాటవు. కానీ మంచి నాణ్యతతో వీడియో చూడటానికి 5 మెగాబిట్లు చాలు. కరెంటు బిల్లు పెరుగుతుందనేది మరో భయం. అడాప్టర్ మీద 9 వోల్టులు, 0.6 ఆంపియర్లు అని ఉంటే అది 5.4 వాట్లు, అంటే నెలంతా ఆపకుండా నడిపినా సుమారు 4 యూనిట్లు. తీగ లాగడం కుదరదనేవారు రిపీటర్ పద్ధతిలో పెట్టుకోవచ్చు. అయితే ఒకే రేడియోతో అందుకుని, దానితోనే పంపాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడుతుంది. దాన్ని సిగ్నల్ అందని గదిలో కాక, ఇంకా బాగా అందుతున్న సగం దారిలో పెట్టాలి.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం భద్రత గురించి. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పాత రూటర్లకు కంపెనీలు అప్‌డేట్లు ఆపేస్తాయి. కొత్త రూటర్ వెనక ఉంటుంది కాబట్టి పాతదానికి ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి, పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయాలి. డబ్ల్యూపీఏ2 రక్షణ కూడా లేనంత పాతదైతే వాడకపోవడమే మంచిది. కంపెనీ ఇచ్చిన పెట్టె అయితే తిరిగి ఇవ్వాల్సినదేమో ముందుగా కనుక్కోండి.

పనికొచ్చే వస్తువును మూల పడేయడం మనకొక్కరికే నష్టం కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైతే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. అందుకే ఎక్కువ వేగం ప్లాన్‌కు డబ్బు కట్టే ముందు రెండు గదుల్లోనూ వేగం కొలవండి. తేడా గోడ వల్లే అయితే, ముందు అలమర తెరిచి ఆ పాత రూటర్‌ను బయటికి తీయండి.