చలి రాత్రి.. పొట్టి కోడి భద్రమేనా?

పెద్దముడియం నల్లరేగడి చేలల్లో శనగ పచ్చగా ఉందంటే చలికాలం వచ్చినట్టే. మనకైతే దుప్పటి ఉంది. మరి పెరట్లోని బాంటం కోళ్లకు?

జావా దీవిలోని బాంటెన్ రేవు పేరే వీటికి వచ్చింది. ఒళ్లు చిన్నది కదా, వేడి త్వరగా పోతుంది. అయినా ఒంటిమీద ఈకలు పొడిగా ఉంటే మన చలిని ఓర్చుకుంటాయి. అసలు శత్రువులు తేమ, ఈదురుగాలి. గూట్లో రెండంగుళాల మందాన వరి ఊక పరచండి, తడిస్తే మార్చండి. గాలి కొట్టే వైపు గోనెపట్టా కట్టి, పైన సందు వదలండి. అంతా మూసేస్తే రెట్టలోంచి వచ్చే అమోనియా ఘాటుకు జబ్బుపడతాయి.

పిల్లల సంగతి వేరు. మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించొచ్చు. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుందే గానీ కాపుకు చాలదు. పాత ఫిలమెంట్ బల్బే పెట్టండి, ఊకకు తగలకుండా. పిల్లలు బల్బు కిందే గుంపుకట్టాయా? చలేస్తోంది. దూరం జరిగాయా? వేడెక్కువైంది. అంతటా తిరుగుతున్నాయా? సరిపోయింది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం వద్దు, ప్రాణాలు పోతాయి.

పొద్దుగూకగానే లెక్కపెట్టి గూట్లోకి తోలండి. పిల్లి, ముంగిస దూరకుండా సన్న కంతల జాలీ బిగించండి.

ఇంకో మాట. కొక్కెర తెగులు వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయించాలి. వారం వయసులో లసోటా చుక్క, 8 వారాలకు ఇంకో టీకా. పశువుల ఆసుపత్రిలో అడగండి. ఈ వారమే!