మరణపత్రంలో లేని జవాబు

శుక్రవారం నమాజు ముగిశాక రియాద్‌లోని బతా వీధులు కిక్కిరిసిపోతాయి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమల మనుషులు అక్కడ కలుస్తారు. ఇంటికి డబ్బు పంపాలన్నా, ఇకామా (నివాస అనుమతి) చిక్కుల్లో దారి అడగాలన్నా అక్కడికే రావాలి. ఏ క్యాంపులోనో మనవాడు ఒకడు పోయాడన్న కబురు కూడా అక్కడే పాకుతుంది. వెంటనే చందాలు పోగవుతాయి. ఒకరు కఫీల్‌తో, అంటే స్పాన్సర్ యజమానితో, మాట్లాడతారు, ఒకరు పోలీసు కాగితం కోసం, ఇంకొకరు ఎంబసీ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) కోసం తిరుగుతారు. రోజంతా పనిచేసి వచ్చి, జీతం లేకుండా చేసే ఈ సేవ వల్లే ఎన్నో శవపేటికలు శంషాబాద్ విమానాశ్రయం చేరుతున్నాయి.

పెట్టెతో వచ్చే మరణపత్రంలో మాత్రం తరచూ రెండే మాటలు: గుండె ఆగింది, లేదా సహజ మరణం. రాత్రి ఫోన్‌లో బాగానే మాట్లాడినవాడు తెల్లారి ఎందుకు లేవలేదో ఆ కాగితం చెప్పదు. సహజ మరణమని రాశాక, పని వల్లే పోయాడని పరిహారం అడిగే దారి కూడా చాలావరకు మూసుకుపోతుంది.

ఆ జవాబు వెతకడానికే ఢాకా విశ్వవిద్యాలయంతో ముడిపడిన వలసల పరిశోధన కేంద్రం ఆర్ఎంఎంఆర్‌యూ, లండన్‌లోని ఫెయిర్‌స్క్వేర్, కేరళ, నేపాల్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్‌ల స్వచ్ఛంద సంస్థలు చేతులు కలిపాయి. 'వైటల్ సైన్స్' పేరుతో 2022లో వెలువడిన వాళ్ల నివేదిక ప్రకారం, ఆసియా నుంచి వెళ్లిన వలస కార్మికుల్లో ఏటా 10,000 మంది దాకా గల్ఫ్‌లో మరణిస్తుండవచ్చు. అందులో సగానికి పైగా మరణాలకు సరైన కారణం నమోదు కావడం లేదు.

కారణం వెతికితే ఏం బయటపడుతుందో 2019లోనే తెలిసింది. ఖతార్‌లో 2009-2017 మధ్య గుండె జబ్బు పేరిట నమోదైన 571 నేపాలీ కార్మికుల మరణాలను త్రిభువన్ విశ్వవిద్యాలయానికి చెందిన బందనా ప్రధాన్, ఆమె సహచరులు ఎండ తీవ్రతతో పోల్చి చూశారు. వేడి నుంచి సరైన రక్షణ ఉంటే దాదాపు 200 మంది బతికేవారని తేల్చారు. ఇక సౌదీ విషయానికొస్తే, అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం. ఉదయం 11 గంటల ఎండకు, రాత్రి ఉక్కకు ఆ నిషేధం అడ్డుపడదు.

పరిశోధకుల దగ్గర పద్ధతి ఉంది, కానీ క్యాంపు గది తలుపు వాళ్లకు తెరుచుకోదు. సేవ చేసేవాళ్ల దగ్గర తోటివాళ్ల నంబర్లు, కాగితాలు, కుటుంబాల నమ్మకం ఉన్నాయి. ఈ రెండూ కలిస్తే వెర్బల్ అటాప్సీ సాధ్యమవుతుంది. మనిషి పోయాక ఇంటివాళ్లను, పక్క మంచం మీద పడుకున్నవాడిని కూర్చోబెట్టి వరుసగా అడుగుతారు: ఛాతీలో నొప్పి అన్నాడా, ఎన్ని గంటలు పనిచేశాడు, మూత్రం రంగు మారిందా, గదిలో ఏసీ పనిచేసిందా? మన దేశంలో జరిగిన మిలియన్ డెత్ స్టడీ లక్షల ఇళ్లలో ఇలా అడిగే మరణ కారణాలు రాబట్టింది.

ఇలా కలిసి పనిచేయడానికి పునాదులు ఇప్పటికే ఉన్నాయి. కేరళలో తిరువనంతపురం సీడీఎస్ (సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్) 1998లోనే వలస సర్వేలు మొదలుపెట్టింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రవాసులపై అధ్యయన కేంద్రం 1996 నుంచే ఉంది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల సంఘాలు జగిత్యాలలో, నిజామాబాద్‌లో ఉన్నాయి. వాళ్లు, బతాలో కాగితాల కోసం తిరిగేవాళ్లు, విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒకే ప్రశ్నపత్రం పట్టుకోవాలి. 2034 ప్రపంచకప్ ఫుట్‌బాల్ కోసం సౌదీలో స్టేడియాలు లేస్తున్నాయి. వాటిని కట్టే ఎండలో మనవాళ్లూ ఉంటారు. మరణ కారణాలు వెతికే పని ఇప్పుడే మొదలవ్వాలి.