ఇంటి పుట, ఇంటి పన్ను

టెక్సస్‌లోనో ఫ్లోరిడాలోనో ఇల్లు కొనుక్కున్న బంధువులు మనందరికీ ఉన్నారు. ఫోనులో మాటల మధ్య వాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “మీ కెనడాలో హోంస్టెడ్ మినహాయింపు ఎంత?” కేంబ్రిడ్జ్, కిచెనర్, వాటర్లూ ప్రాంతంలో ఉన్న మనవాళ్ళలో చాలామంది ఈ ప్రశ్నకి “ఏదో ఉండే ఉంటుంది, మా అకౌంటెంటు చూసుకుంటాడు” అని జవాబు చెప్పి ఊరుకుంటారు. అసలు సంగతి ఏమిటంటే, ఆంటారియోలో ఆ పేరుతో మినహాయింపు లేదు. ఉన్నవి వేరే పేర్లతో, వేరే వేరే చోట్ల చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిలో కొన్ని మన ప్రమేయం లేకుండా రావు. కొన్ని మన తెలుగు కుటుంబాలకి ప్రత్యేకంగా తగిలే మెలికలతో వస్తాయి. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ మాట సంగతి. అమెరికాలో హోంస్టెడ్ అంటే సొంతంగా కాపురం ఉండే ఇల్లు. టెక్సస్‌లో ఆ ఇంటి విలువలోంచి 1,40,000 డాలర్లు (2025 నుంచి) తీసేసి మిగతా దానిమీదే బడి పన్ను వేస్తారు. అడగందే రాదు, కౌంటీ మూల్యాంకన కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవాలి. కెనడాలో ఇదే మాటకి చరిత్రలో ఉన్న అర్థం వేరు. 1872 నాటి చట్టం కింద పశ్చిమ మైదానాల్లో పది డాలర్ల రుసుముకి 160 ఎకరాలు ఇచ్చి, దున్నుకుని ఇల్లు కట్టుకోమన్నారు. దాన్ని హోంస్టెడ్ అన్నారు. ఆ 160 ఎకరాలు మనకి దొరకవు కనుక మన ఊరి సంగతికి వద్దాం.

పుట ఎక్కడ ఉంటుంది?

మన దేశంలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించడం మీకు తెలిసిందే. ఫలానా సర్వే నంబరు మీద ఫలానా సంవత్సరాల మధ్య జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీల జాబితా అది. అది దస్తావేజుల చరిత్రే తప్ప హక్కుకి హామీ కాదు. అమ్మినవాడికి అసలు హక్కు ఉందో లేదో చూసుకోవలసిన బాధ్యత కొన్నవాడిదే. ప్రభుత్వమే హక్కుకి పూచీ పడే పద్ధతి తెద్దామని ఆంధ్రప్రదేశ్‌లో చేసిన చట్టం 2023లో అమలులోకి వచ్చి, 2024 ఎన్నికల్లో పెద్ద రాద్ధాంతమై, అదే ఏడాది రద్దయిపోయింది.

ఆ పద్ధతికి పుట్టినిల్లు దక్షిణ ఆస్ట్రేలియా. 1858లో రాబర్ట్ టారెన్స్ అనే ఆయన అక్కడ ప్రవేశపెట్టాడు. ఆంటారియో 1885లో దాన్ని అందుకుంది. అయితే అంతకుముందు నుంచి నడుస్తున్న దస్తావేజుల పద్ధతి కూడా పక్కనే వంద సంవత్సరాల పైన నడిచింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే పాత పద్ధతి ఒక లాగ్ ఫైలు. జరిగిందల్లా వరసగా రాసుకుంటూ పోతుంది, ప్రస్తుత స్థితి ఏమిటో చదివినవాడే తేల్చుకోవాలి. కొత్త పద్ధతి ఒక డేటాబేసు వరస. ఇప్పుడు యజమాని ఎవరో అదే చెపుతుంది. 1991లో మొదలైన టెరానెట్ సంస్థ ప్రభుత్వంతో కలిసి ఆ లాగ్ ఫైళ్ళన్నిటినీ డేటాబేసులోకి ఎక్కించింది. మీ ఇంటి పుటలో “ఎల్‌టీ కన్వర్షన్ క్వాలిఫైడ్” అని కనిపిస్తే భయపడకండి. పాత పద్ధతిలోంచి కొత్త దానిలోకి మార్చిన భూమి అని మాత్రమే దాని అర్థం. గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్‌లలోని పాత వీధుల్లో ఇది సర్వసాధారణం. ఈ మూడు ఊళ్ళనీ కలిపి 1973లో కేంబ్రిడ్జ్ అన్నారు కాని, భూమి కాగితాల్లో పాత పేర్లు ఇంకా బతికే ఉన్నాయి.

ఇదివరకు కిచెనర్‌లోని భూమి రిజిస్ట్రీ కార్యాలయానికి వెళ్ళి బల్ల దగ్గర అడిగేవారు. 2020లో రాష్ట్రమంతటా ఆ బల్లలు మూసేశారు. ఇప్పుడు అంతా ఆన్‌లాండ్ అనే వెబ్‌సైటులోనే. వాటర్లూ ప్రాంతం కార్యాలయం నంబరు 58. దాన్ని ఎంచుకుని మీ చిరునామా కొడితే తొమ్మిది అంకెల పిన్ వస్తుంది. (మన ఊళ్ళో పిన్‌కోడు వేరు, ఇది వేరు.) దానితో రుసుము కట్టి పుటను దించుకోవచ్చు. పాత చేతిరాత పుస్తకాల బొమ్మలు చూడటానికి మాత్రం డబ్బు కట్టక్కరలేదు. తీరిక ఉన్నవాళ్ళు చూడండి. గ్రాండ్ నదికి రెండు వైపులా ఆరేసి మైళ్ళ భూమిని 1784లో సిక్స్ నేషన్స్ ప్రజలకి ఇచ్చిన ప్రకటన ఒకటుంది. మన కేంబ్రిడ్జ్ ఆ పరిధిలోనిదే. ఆ భూమి వాళ్ళ చేతుల్లోంచి ఎలా పోయిందన్న తగవు ఇప్పటికీ తీరలేదు.

పుటలో ఏం చూడాలి?

మొదట పేరు, దాని పక్కన ఉండే నాలుగక్షరాల సంకేతం. “జేటెన్” అంటే ఉమ్మడి యాజమాన్యం; ఒకరు పోతే రెండోవారికి మొత్తం దక్కుతుంది, వీలునామాతో పని లేదు. “టీకామ్” అంటే ఎవరి వాటా వారిది. పోయినవారి వాటా వారి వారసులకి వెళుతుంది. మన ఇళ్ళలో భార్యాభర్తలు ఏ పద్ధతిలో కొన్నారో వాళ్ళకే గుర్తుండదు. సంతకాలు పెట్టిన రోజున లాయరు గారి బల్ల మీద ఉన్న నలభై కాగితాల్లో అదొకటి. ఒక్కరి పేరునే ఉన్నా, కాపురం ఉంటున్న ఇల్లయితే రెండోవారి అంగీకారం లేకుండా అమ్మడానికి, తనఖా పెట్టడానికి ఆంటారియో కుటుంబ చట్టం ఒప్పుకోదు. ఇది మన ఆడపడుచులు తెలుసుకుని ఉండవలసిన సంగతి.

తరవాత ఇంటి మీద ఉన్న భారాలు. “చార్జ్” అంటే తనఖా. ఎప్పుడో తీర్చేసిన బ్యాంకు అప్పు ఇంకా అక్కడే కనిపిస్తుంటే, రద్దు పత్రం నమోదు కాలేదన్నమాట. “నోటీస్” అని ఉన్నవాటిని తెరిచి చూడాలి. కొన్నేళ్ళ కిందట తలుపు కొట్టి వచ్చిన అమ్మకందార్లు ఫర్నేసులూ నీళ్ళ హీటర్లూ అద్దెకి అంటగట్టి, ఇంటి పుట మీద నోసి అనే నోటీసు ఎక్కించేవారు. ఇంటివాళ్ళకి ఆ సంగతే తెలిసేది కాదు. హెస్పెలర్‌లో నాకు తెలిసిన ఒక కుటుంబంలో, పిల్లలు ఆఫీసులకి వెళ్ళిన సమయంలో ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పెద్దాయన సంతకం పెట్టారు. నాలుగేళ్ళ తరవాత తనఖా మార్చుకోబోతే ఆ నోటీసు బయటపడింది. దాన్ని తీయించుకోవడానికి కంపెనీ అడిగిన సొమ్ముతో రెండు కొత్త ఫర్నేసులు వచ్చేవి. 2018 మార్చి నుంచి ఇలాంటి సామాను ఇంటింటికీ తిరిగి అమ్మడాన్ని నిషేధించారు. 2024 జూన్ 6 నుంచి గృహోపకరణాల మీద ఈ నోసిలు చెల్లకుండా చేశారు. పాతవి కూడా చెల్లవు. అయితే ఒప్పందం కింద నిజంగా బాకీ ఉంటే అది మాత్రం చెల్లిపోలేదు.

మూడోది మోసం. సూసన్ లారెన్స్ అనే టొరాంటో మహిళ ఇంటిని ఆమె పేరు పెట్టుకున్న ఒక మనిషి ఎవరికో అమ్మేయడం, ఆ కొన్నవాడు, వాడూ దొంగే, దాదాపు 2 లక్షల 90 వేల డాలర్ల అప్పు తీసుకుని మాయమవడం అప్పట్లో పెద్ద వార్త. 2007లో ఆంటారియో అప్పీలు కోర్టు ఆ తనఖా చెల్లదని తీర్పు ఇచ్చింది. అంతకు కొద్ది ముందే 2006లో చట్టాన్ని కూడా సవరించారు. మోసగాళ్ళకి ఇష్టమైన ఇల్లు ఏది? అప్పు లేనిది, యజమాని దగ్గరలేనిది. చలికాలం ఆరు నెలలు విజయవాడలోనో హైదరాబాదులోనో గడిపి వచ్చే మన పెద్దల ఇళ్ళు అచ్చంగా ఇవే. ఏడాదికొకసారి పుట తీసి చూసుకోవడం, టైటిల్ భీమా ఉందో లేదో కనుక్కోవడం పెద్ద పనేం కాదు.

పన్ను ఎలా లెక్క కడతారు?

ఇంటి విలువ కట్టేది నగరం కాదు, ఎంపాక్ అనే సంస్థ. ఈ వ్యాసం రాస్తున్న నాటికి కూడా వాడుతున్నది 2016 జనవరి 1 నాటి విలువే. 2020లో జరగవలసిన పునర్మూల్యాంకనం కోవిడ్ వల్ల ఆగి, అలాగే ఉండిపోయింది. అందుకే ఎనిమిది లక్షలు పెట్టి కొన్న ఇంటికి బిల్లులో నాలుగు లక్షల విలువ కనపడితే పొరపాటు పడ్డారని సంబరపడనక్కరలేదు. పొరుగువారిదీ అంతే. విలువలన్నీ ఒకేసారి రెట్టింపయితే పన్ను రెట్టింపు కాదు. నగరానికి కావలసిన మొత్తం ముందే నిర్ణయమై ఉంటుంది కనుక రేటు దిగుతుంది. సగటుకంటె ఎక్కువ పెరిగిన ఇంటికే పన్ను పెరుగుతుంది.

బిల్లులో మూడు భాగాలు: కేంబ్రిడ్జ్ నగరం, వాటర్లూ ప్రాంతీయ ప్రభుత్వం, బడులు. బడుల రేటు 2020 నుంచి 0.153 శాతం. అంటే నాలుగు లక్షల విలువకి 612 డాలర్లు. ఎంపాక్ దగ్గర మీ ఇంటి వివరాలు ఎబౌట్ మై ప్రాపర్టీ అనే చోట ఉచితంగా చూడవచ్చు. ముందుగా 19 అంకెల రోల్ నంబరు కావాలి. చదరపు అడుగులు, స్నానాల గదులు, నేలమాళిగ పూర్తి చేశారా లేదా అన్నవి సరిచూడండి. తేడా ఉంటే పునఃపరిశీలనకి దరఖాస్తు పెట్టడం ఉచితం. ఇళ్ళకి ఆ మెట్టు దాటకుండా అప్పీలు బోర్డుకి వెళ్ళడానికి లేదు.

మరి మినహాయింపులు? ఇంటి పన్నులోంచే తగ్గేది ఒకటుంది, దాని గురించి మనవాళ్ళలో విన్నవారు తక్కువ. వయసు 65 దాటిన వారికో, అంగవైకల్యం ఉన్న వారికో ఇంట్లోనే వసతి కల్పించడానికి గది కడితే, లేకపోతే వారిని వేరే సంరక్షణ కేంద్రంలో పెట్టవలసి వచ్చేదయితే, ఆ భాగం వల్ల పెరిగిన విలువని మినహాయిస్తారు. ఎంపాక్‌కి దరఖాస్తు చేసుకోవాలి. మంచం పట్టిన తల్లిదండ్రులకోసం కింది అంతస్తులో పడకగది, స్నానాల గది కట్టించిన ఇళ్ళు మన దగ్గర ఎన్నో ఉన్నాయి.

మిగతావి ఆదాయపు పన్ను కాగితాలతోబాటు వస్తాయి. ఆన్‌బెన్ ఫారం నింపితే తక్కువ ఆదాయం ఉన్నవారికి ఇంధన, ఇంటి పన్ను సహాయం వస్తుంది. అద్దెకి ఉన్నవారికి కూడా. వయసు 64 వచ్చిన, సొంత ఇల్లున్న వారికి ఏడాదికి 500 డాలర్ల దాకా గ్రాంటు వేరే ఉంది. అయితే ఇల్లూ, పన్నూ వారివై ఉండాలి. కొడుకు పేరున ఉన్న ఇంట్లో ఉంటున్న తల్లిదండ్రులకి అది రాదు.

అది వింటే కొందరికి “అయితే నాన్న గారి పేరు కూడా కలిపేద్దాం” అన్న ఆలోచన వస్తుంది. అయిదు వందల కోసం పుటలో పేర్లు కదపకండి. వాటా ఎవరిది, వారి తరవాత ఎవరికి, అమ్మినప్పుడు లాభం ఎవరి లెక్కలోకి వస్తుంది అన్నవన్నీ దానితో మారిపోతాయి.

హైదరాబాదు ఫ్లాటు చేసే చిక్కు

ఇల్లు మొదటిసారి కొనేవారికి బదిలీ పన్నులో 4,000 డాలర్ల దాకా వాపసు వస్తుంది. కేంబ్రిడ్జ్‌లో 7 లక్షల ఇంటికి ఆ పన్ను 10,475 డాలర్లు కనుక అది చిన్న మొత్తం కాదు. కాని “మొదటిసారి” అంటే కెనడాలో మొదటిసారి అని కాదు, ప్రపంచంలో ఎక్కడైనా అని. పెళ్ళికి ముందు అమ్మగారు మీ పేరున కొన్న కూకట్‌పల్లి ఫ్లాటు ఉంటే మీరు మొదటిసారి కొనేవారు కారు. తాతగారి ఇంట్లో రాసి ఇచ్చిన చిన్న వాటా కూడా లెక్కే. భార్య లేక భర్త మీకు భార్యాభర్తలుగా ఉన్న కాలంలో ఇల్లు కలిగి ఉన్నా మీకు అర్హత పోతుంది. సంతకం పెట్టేముందు లాయరుకి ఈ సంగతులు నోరు విప్పి చెప్పాలి.

అమ్మేటప్పుడు ఇంకొక మెలిక. కాపురం ఉన్న ఇంటి మీద లాభానికి కెనడాలో పన్ను లేదు; మనకి నిజమైన హోంస్టెడ్ మినహాయింపు ఇదే అనుకోవచ్చు. అయితే 2016 నుంచి ఆ అమ్మకాన్ని పన్ను పత్రంలో చూపించి తీరాలి. 2023 నుంచి, ఏడాది లోపల కొని అమ్మితే కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప అది వ్యాపార లాభమే. ఒక కుటుంబానికి ఒక సంవత్సరానికి ఒక ఇల్లే. ఆ ఇల్లు భారతదేశంలో ఉండవచ్చు కాని, అందులో మీరో, మీ భార్యో భర్తో, పిల్లలో ఉండాలి. అమ్మా నాన్నా ఉంటే చాలదు! మన కుటుంబాల తీరు తెలియని చట్టం అనిపిస్తుంది నాకు. కాని చట్టం అదే.

కనుక హైదరాబాదు ఫ్లాటు అమ్మితే లాభంలో సగం ఇక్కడ ఆదాయంలో కలుస్తుంది. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ జమ అడగవచ్చు. ఇక్కడ ఒక మంచి మాట. లాభాన్ని మీరు కొన్న ధర నుంచి లెక్కించరు. మీరు కెనడా నివాసి అయిన రోజున ఆ ఫ్లాటు విలువ ఎంతో అక్కడి నుంచి లెక్కిస్తారు. 2001లో పది లక్షలకి కొని, 2012లో వలస వచ్చేనాటికి నలభై లక్షలయితే, ఆ ముప్ఫై లక్షల పెరుగుదల కెనడాకి అక్కరలేదు. కాని ఆనాటి విలువకి రుజువు కావాలి. కొత్తగా వచ్చినవారు రాకముందో, వచ్చిన వెంటనేనో అక్కడ ఒక గుర్తింపు పొందిన మదింపుదారు చేత కాగితం రాయించి పెట్టుకోవడం ఉత్తమం. పదేళ్ళ కిందట వచ్చినవారు కూడా పాత తేదీ నాటి విలువని ఇప్పుడు కట్టించుకోవచ్చు. ఆ ఏడాది అదే కాంప్లెక్సులో జరిగిన అమ్మకాల దస్తావేజులు అక్కడి రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర దొరికితే మదింపుదారు పని సగం అయినట్లే.