అడిగిన తరువాతే అచ్చు

తపతీ నది అరేబియా సముద్రంలో కలిసే చోట, నదీముఖానికి దక్షిణాన డుమస్ గ్రామం ఉన్నది. సూరత్ నగరానికి ఇది సుమారు 20 కిలోమీటర్ల దూరం. ఇక్కడి తీరంలో ఇసుక నల్లగా ఉంటుంది. ఆదివారం సాయంకాలాలలో నగరవాసులు కుటుంబ సమేతంగా ఇక్కడికి తరలివస్తారు. వేడివేడి టమాటా భజియాల అంగళ్ళ వద్ద ఆనాడు నిలువడానికి చోటు దొరకదు. నదీముఖానికి ఉత్తరాన హజీరా, దానికి ఆవల సువాలి ఉన్నాయి. 17వ శతాబ్దంలో ఆంగ్లేయుల ఓడలు లంగరు వేసిన రేవు ఆ సువాలియే.

ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలోనూ, 1613లో సూరత్‌లోనూ వర్తక స్థావరాలను నెలకొల్పింది. ఈ రెండు రేవుల నుండీ ఓడలెక్కిన సరుకులలో రంగుల బొమ్మల వస్త్రాలు ముఖ్యమైనవి. 1643లో లండన్‌లోని కంపెనీ అధికారులు సూరత్ స్థావరానికి ఒక లేఖ వ్రాశారు. తమకు వస్తున్న బొంతలలో ఎర్రని నేల ఎక్కువగా ఉన్నదనీ, కొనేవారికి అది రుచించడం లేదనీ, ఇకమీదట తెల్లని నేల హెచ్చుగా ఉంచి నడుమ పువ్వులు, కొమ్మలు వేయించవలసిందనీ ఆ లేఖ సారాంశం. కొనేవాని కోరిక చేసేవానికి చేరడానికి ఒక ఓడ ప్రయాణం, చేసిన సరుకు కొనేవానికి చేరడానికి మరొక ఓడ ప్రయాణం కావలసి వచ్చేది. ఈలోగా లండన్ వారి అభిరుచి మారిపోతే ఆ బొంతలు గిడ్డంగిలో మిగిలిపోవలసిందే.

అమ్ముడుపోని సరుకు భయం వస్త్ర వ్యాపారానికి పుట్టుకతో వచ్చిన జబ్బు. దానికి మందుగా ఈ కాలంలో ప్రచారంలోకి వచ్చినదే ‘ప్రింట్ ఆన్ డిమాండ్’. ముందుగా అచ్చువేసి దాచిపెట్టుకోవడం కాక, కొనుగోలుదారు అడిగి సొమ్ము చెల్లించిన తరువాతనే ఆ ఒక్క వస్తువును అచ్చువేసి పంపడం దీని పద్ధతి. 1999లో అమెరికాలో ఆరంభమైన కేఫ్‌ప్రెస్, 2006లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఆరంభమైన రెడ్‌బబుల్ ఈ వ్యాపారాన్ని అంతర్జాలంలో వ్యాప్తి చేసిన సంస్థలలో పేర్కొనదగినవి.

ఒక్క ప్రతి ఎందుకు ఖరీదు?

పూర్వం ఒకే ఒక ప్రతిని అచ్చువేయడం ఎందుకు గిట్టుబాటు కాలేదో తెలియాలంటే కృష్ణా జిల్లాలోని పెడన పనివారిని చూడాలి. అక్కడ కలంకారీ వస్త్రానికి టేకు చెక్కపై అచ్చులు చెక్కుతారు. గీతకు ఒక అచ్చు, నిండు రంగుకు మరొక అచ్చు. గుడ్డను కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతారు. ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రవంతో అద్దితే నల్లని గీత తేలుతుంది. పటిక నీటితో అద్దిన చోట, ఎర్రరంగునిచ్చే వేరుతో ఉడికించినప్పుడు ఎరుపు పడుతుంది. నడుమ ఉతకడాలు, ఎండబెట్టడాలు ఉండనే ఉన్నాయి. ఇంత శ్రమకు ముందే అచ్చు చెక్కేవాని కూలి ఇచ్చుకోవాలి. ఆ కూలి వందలాది గజాలపై పరచుకుంటేనే గజం ధర జనానికి అందుబాటులోకి వస్తుంది.

తరువాత వచ్చిన స్క్రీన్ ప్రింటింగులోనూ ఇదే లెక్క. రంగుకు ఒక తెర చొప్పున సిద్ధం చేయాలి. ఒక బొమ్మకు తెరల ఖర్చు 2,000 రూపాయలు, ఆపైన ఒక్కొక్క చొక్కాకు అచ్చు ఖర్చు 20 రూపాయలు అనుకోండి. పది చొక్కాలు వేస్తే ఒక్కొక్కదానికి 220 రూపాయలు పడుతుంది. వంద వేస్తే 40 రూపాయలే. తెరలు అక్కరలేని డిజిటల్ యంత్రంలో మాత్రం ఒకటి వేసినా వంద వేసినా చొక్కాకు 120 రూపాయలే అనుకుంటే, సరిగ్గా 20 చొక్కాల వద్ద రెండు పద్ధతుల ఖర్చు సమానమవుతుంది. అంతకు తక్కువైతే డిజిటల్ మేలు, ఎక్కువైతే తెర మేలు. ఈ అంకెలు కేవలం ఉదాహరణకు చెప్పినవి. ఊరిని బట్టి, యంత్రాన్ని బట్టి అవి మారుతాయి. లెక్క నడిచే తీరు మాత్రం మారదు.

కర్పూరం చెప్పే శాస్త్రం

డిజిటల్ యంత్రం కంప్యూటర్‌లోని బొమ్మను సూక్ష్మమైన సిరా బిందువులుగా నేరుగా దించుతుంది. అయితే ఏ గుడ్డకు ఏ సిరా పడుతుందన్నది ఇక్కడ ప్రధానమైన ప్రశ్న. ఈ వ్యాపారంలో దిగే యువకులలో పలువురు దీనిని తెలుసుకోకనే నష్టపోతారు.

సూరత్ ముఖ్యంగా పాలియెస్టర్ నగరం. పాలియెస్టర్‌పై అచ్చుకు ‘సబ్లిమేషన్’ అనువైనది. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనికే ఉత్పతనం అని పేరు. కర్పూరం కరగకుండానే ఆవిరి అయినట్లు, కాగితంపై అచ్చువేసిన రంగు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడి వద్ద వాయువై, నొక్కిపెట్టిన పాలియెస్టర్ పోగులోనికి చొచ్చుకొనిపోతుంది. చల్లారిన పిదప అది పోగులోనే బందీ అవుతుంది. కనుక చేతికి తగలదు, ఉతికితే పోదు. కాని ఇందులో తెలుపు రంగు లేదు. ముదురు గుడ్డపై బొమ్మ కనిపించదు. నూలు గుడ్డపై వేస్తే ఒకటి రెండు ఉతుకులకే వెలిసిపోతుంది.

నూలు టీషర్టుకైతే నేరుగా సిరా చల్లే యంత్రం వేరే ఉన్నది. ముందుగా గుడ్డకు ఒక ద్రావణం పట్టించి ఆరబెట్టి, రంగు చొక్కా అయితే అడుగున తెల్లని పొర వేసి, ఆపైన బొమ్మ వేస్తారు. మూడవది ఫిల్మ్ పద్ధతి. ప్లాస్టిక్ పొరపై బొమ్మను అచ్చువేసి, జిగురు పొడి చల్లి, హీట్ ప్రెస్‌తో గుడ్డకు అతికిస్తారు. ఇది ఏ గుడ్డకైనా అంటుకుంటుంది. అందుకే చిన్న దుకాణాలు దీనిని ఆశ్రయిస్తున్నాయి. అయితే బొమ్మ పెద్దదైతే వేసవిలో ఛాతీ మీద అట్ట కట్టినట్లుంటుంది.

నిల్వ ఎక్కడికి పోయింది?

డుమస్ నల్ల ఇసుకను, ఆటుపోటుల గీతలను చక్కని బొమ్మగా గీసిన ఒక కళాశాల విద్యార్థిని ఉన్నదనుకోండి. ఆమె బొమ్మను అంతర్జాలంలోని తన దుకాణంలో టీషర్టు మీద, సంచి మీద, కప్పు మీద ఉన్నట్లు చూపుతుంది. వరంగల్‌లో ఎవరో ఒక టీషర్టు కోరి సొమ్ము చెల్లిస్తారు. ఆ సమాచారం అచ్చు కేంద్రానికి చేరుతుంది. అక్కడివారు తమ వద్దనున్న బొమ్మలేని చొక్కా తీసి, అచ్చువేసి, పొట్లం కట్టి, ఆమె దుకాణం పేరుతో పంపుతారు. వస్తువు వెల, అచ్చు కూలి, రవాణా ఖర్చు పోగా మిగిలినది ఆమెది. ఆమె ఇంట ఒక్క చొక్కా అయినా ఉండదు.

ఇది చూసి నిల్వ అనేదే మాయమైనదని కొందరు భ్రమపడతారు. నిజానికి అడిగిన తరువాత జరిగేది చిట్టచివరి పని ఒక్కటే. నూలు వడకడం, అల్లడం, నేయడం, కుట్టడం అన్నీ ముందే వేల సంఖ్యలో జరిగిపోయి ఉంటాయి. బొమ్మలేని చొక్కా ఎవరికైనా పనికివస్తుంది. బొమ్మ పడినది ఆ బొమ్మ నచ్చినవానికే పనికివస్తుంది. కాబట్టి రూపం ఏర్పడే క్షణాన్ని వీలైనంత వెనుకకు నెట్టడమే ఇందులోని ఉపాయం. ఇటలీకి చెందిన బెనెటన్ సంస్థ స్వెట్టర్లను రంగు లేకుండా అల్లి ఉంచి, ఆ ఋతువులో ఏ రంగుకు గిరాకీ ఉన్నదో తెలిసిన తరువాత అద్దకం వేసి పేరు పొందింది. వెనుకటి తరం చేసిన ఆ పనినే నేటి యంత్రం ఒక్కొక్క చొక్కా స్థాయికి దించింది.

ముందే జరిగిపోయిన ఆ పనిలో తెలుగువారి చెమట కొంత ఉన్నది. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్ మొదలైన పేటలలో స్థిరపడి, మరమగ్గాలపై గుడ్డ నేస్తూ వచ్చాయి. సూరత్ నగరపాలక సంస్థ తన ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ బోధన ఏర్పాటు చేయడం ఈ వలసల ఫలితమే. మగ్గం మీది మనిషికి కూలి మీటరు లెక్కన వస్తుంది. చివరన వేసిన బొమ్మకు ఎంత లాభం వచ్చినా ఆ మీటరు ధర అంగుళం కదలదు. కొత్త వ్యాపారాన్ని మెచ్చుకునే వ్యాసాలలో ఈ సంగతి సాధారణంగా కనిపించదు.

వెనుక గుమ్మం నుండి వచ్చే సరుకు

విద్యార్థిని లెక్కనే మరి కొంచెం ముందుకు సాగనివ్వండి. చొక్కా అమ్మకపు వెల 500 రూపాయలు. గుడ్డకు 170, అచ్చుకు 120, పొట్లానికీ రవాణాకూ 80, మొత్తం 370 రూపాయలు. పన్ను, అమ్మకపు వేదిక వారి రుసుము కలిపి 40. మిగిలేది 90 రూపాయలు. పది చొక్కాలు పంపితే 900 రావాలి. కాని సరుకు అందినప్పుడే డబ్బు చెల్లించే పద్ధతిలో ఇద్దరు తలుపు వద్దనే వద్దన్నారనుకోండి. తిరిగి తెప్పించుకునే ఖర్చు 60 చేర్చితే ఒక్కొక్కదానిపై నష్టం 430, రెండింటిపై 860. ఎనిమిదింటిపై వచ్చిన లాభం 720. అంటే పది అమ్మబోయి 140 రూపాయలు పోగొట్టుకున్నట్లు. వేరొకరి పేరో, పుట్టినరోజు తేదీయో అచ్చయిన ఆ రెండు చొక్కాలను మూడవవారు కొనరు. ముందు గుమ్మం నుండి వెళ్ళగొట్టిన నిల్వ వెనుక గుమ్మం నుండి ఇల్లు చేరినట్లయింది. పేరు వేయించుకునే వస్తువుకు ముందుగా సొమ్ము తీసుకోవడం, కొలతల పట్టికను స్పష్టంగా చూపడం, మొదటి చొక్కాను తన కోసమే తెప్పించుకొని పదిసార్లు ఉతికి చూడడం – నష్టాన్ని తగ్గించేవి ఇవే. ప్రకటనల మీద పోసే డబ్బు వీటి తరువాతి మాట.

బొమ్మ ఎవరిది?

ఈ దుకాణంలో అసలైన మూలధనం బొమ్మే. కనుకనే దొంగతనం కూడా బొమ్మలదే. సినిమా నటుల చిత్రాలు, క్రికెట్ జట్ల చిహ్నాలు, పాటల పల్లవులు అచ్చువేసి అమ్మేవారు అనేకులు. 1957 నాటి కాపీరైటు చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం వీటికి వర్తిస్తాయి. గీసినవారు కూడా ఒక సూక్ష్మం గమనించాలి. డిజైనుగా నమోదు చేయదగినదై కూడా నమోదు కాని రూపం యజమాని అనుమతితో పారిశ్రామిక పద్ధతిలో 50 మార్లకు మించి వస్తువులపై తయారైతే, ఆ డిజైనులో కాపీరైటు అంతటితో ఆగిపోతుందని కాపీరైటు చట్టమే చెబుతున్నది. 2000 నాటి డిజైనుల చట్టం క్రింద నమోదు కోరేవారు దానిని లోకానికి చూపక మునుపే దరఖాస్తు చేసుకోవాలి. ఒక్కొక్కటిగా అమ్ముతున్నాము కదా అని ఏమరితే 51వ చొక్కా తెలియకుండానే దాటిపోతుంది.

జాతీయ పతాకం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దిండ్లు, చేతిరుమాళ్ళు, నాప్‌కిన్లు, దుస్తుల గుడ్డ మీద పతాకాన్ని అచ్చువేయడం, కుట్టడం 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం. ఆగస్టు నెలలో వచ్చే గిరాకీని చూసి తొందరపడేవారికి ఇది తెలిసి ఉండాలి.

మచిలీపట్నం కలంకారీ, శ్రీకాళహస్తి కలంకారీ, సూరత్ జరీ పని – మూడూ భౌగోళిక సూచికలుగా నమోదైనవే. పెడనలో రోజుల తరబడి అద్ది, ఉతికి, ఉడికించిన బొమ్మను ఒక ఫొటో తీసి పాలియెస్టర్ మీద నిమిషాలలో దించవచ్చు. పాత నమూనాల నుండి స్ఫూర్తి పొందడం వేరు. యంత్రపు అచ్చుకు ‘మచిలీపట్నం కలంకారీ’ అని పేరు పెట్టి అమ్మడం వేరు. రెండవది చట్టవిరుద్ధం. అంతేకాక, అద్దకపు పనివాని ధరను పడగొట్టేది కూడా అదే.

పన్నుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. డుమస్ నుండి వరంగల్‌కు ఒక్క చొక్కా పంపినా అది అంతర్రాష్ట్ర విక్రయమే. సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పదు. 2025 సెప్టెంబరు 22 నుండి 2,500 రూపాయల వరకు ఖరీదు గల దుస్తులపై పన్ను 5 శాతం.

అక్షరాలు అచ్చువేసేటప్పుడు

దేశమంతటికీ అమ్మే దుకాణం దేశభాషలన్నిటినీ అచ్చువేయవలసి వస్తుంది. గుజరాతీకి హిందీవలె తలకట్టు గీత లేదు. తెలుగులో వత్తు అక్షరం క్రిందికీ ప్రక్కకూ దిగుతుంది. భారతీయ లిపుల అమరిక తెలియని బొమ్మల సాఫ్ట్‌వేరులో ‘అమ్మ’ అని వ్రాస్తే వత్తు విడిపోయి, నడుమ పొల్లు నిలిచి, తల్లి కోసం కొన్న బహుమతి నవ్వులపాలవుతుంది. అందుచేత అక్షరాలను ముందుగా సరైన చోట కూర్చి, వాటిని బొమ్మగా మార్చి, ఆ భాష చదువ వచ్చిన ఒకరిచేత చూపించిన తరువాతనే యంత్రానికి ఎక్కించాలి. సూరత్‌లో తెలుగు చదువ వచ్చినవారిని వెదకడానికి లింబాయత్ దాటి వెళ్ళనక్కరలేదు.