కూలిన రాకెట్టు చెప్పు పాఠము

పిల్లవాడు ఇసుకలో గూడు కట్టును. అది కూలును. మరల కట్టును. ఎందులకు కూలినదని వానిని ఎవరును అడుగరు, వాడును చెప్పడు. కాని మూడవసారి కట్టునప్పుడు ఇసుకను కొంచెము తడిపి, అరచేతితో గట్టిగా అదుమును. విజ్ఞానశాస్త్రమునకు బీజము ఆ తడియిసుకలోనే కలదు.

నేటి కంప్యూటరు ఆటలలో ఒక జాతి ఈ ఇసుకగూటి సంతతికే చెందినది. ‘శాండ్‌బాక్స్’ అను పేరును దానికి పిల్లల ఇసుకతొట్టి నుండియే వచ్చినది. శత్రువును చంపుట, నిధిని దోచుట ఇందు ముఖ్యము కాదు. కొన్ని వస్తువులను, కొన్ని ప్రకృతి నియమములను ఆటగానికి ఒప్పగింతురు. ఏమి కట్టవలెనో అతడే నిశ్చయించుకొనవలెను.

ఇట్టివానిలో పేరుగన్నది ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’. మెక్సికో నగరములోని స్క్వాడ్ అను సంస్థలో పని చేయుచుండిన ఫెలిపె ఫలాంగె దీనికి రూపకర్త. తొలి రూపము 2011 జూన్‌లోను, పూర్తి రూపము 2015 ఏప్రిల్‌లోను వెలువడినవి. కెర్బిన్ అను కల్పిత గ్రహముపై నివసించు పచ్చని చిరుమనుష్యులకు అంతరిక్షనౌకలు నిర్మించి యిచ్చుట ఆటగాని పని. ఇంధనపు తొట్లు, ఇంజనులు, రెక్కలు, పారాచూట్లు మున్నగు భాగములను ఒకదానిపై నొకటి అమర్చి మీట నొక్కవలెను. అంతట ఒక్కొక్క భాగపు బరువును, ఇంజను త్రోపును, గాలి యడ్డును కంప్యూటరు క్షణక్షణము లెక్కగట్టుచుండును. అమరిక సరియైనచో నౌక లేచును. కానిచో తల్లక్రిందులై పగులును.

ఈ ఆటను గూర్చి ఆటగాండ్రు ఎన్నో విషయములలో వాదులాడుకొందురు. ఒక్క మాటపై మాత్రము అందరును ఏకీభవింతురు: మొదటి రాకెట్లు కూలక తప్పదు. అంతరిక్షము పైన నున్నదని తలచి క్రొత్తవాడు నిట్టనిలువుగా ఎక్కును. ఇంధనమైపోగానే పోయిన దారినే దిగి పడును. ఎత్తునకు పోవుట వేరు, కక్ష్యలో నిలుచుట వేరు అని అప్పుడు తెలియును. కక్ష్యలో నిలువవలెనన్న ప్రక్కకు మహావేగముతో పోవలెను. ఎల్లప్పుడును పడుచునే, నేలను తప్పించుకొని పోవుచుండవలెను. భూమి చుట్టు తిరుగుటకు ఆ వేగము సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్లు. కెర్బిన్ వ్యాసార్ధము 600 కిలోమీటర్లే గనుక అచ్చట సుమారు 2.3 కిలోమీటర్లు చాలును. అంకెలు మారినవి, నియమము మారలేదు.

దిక్కు విషయమును అట్టిదే. ఆటలోని ప్రయోగకేంద్రము గ్రహమధ్యరేఖపై సముద్రతీరమున నున్నది. తూర్పునకు ఎగిరిన నౌకకు గ్రహభ్రమణము వలన సెకనుకు 175 మీటర్ల వేగము ఉచితముగా లభించును. శ్రీహరికోట తూర్పుతీరమున నుండుట వలని లాభములలో ఇది యొకటి. అచ్చట భూమి ఇచ్చు వేగము సెకనుకు సుమారు 450 మీటర్లు.

అన్నిటికంటె వింతయైన పాఠము ముందు పోవుచున్న నౌకను అందుకొనుట. దానివైపునకు ఇంజను త్రోసినచో వేగము హెచ్చిన నౌక పైకక్ష్య కెక్కి, పెద్ద చుట్టు తిరిగి వెనుకబడును. వేగము తగ్గించి క్రిందికి దిగినవాడే ముందువానిని అందుకొనును. 1965 జూన్‌లో జెమినై 4 నౌకను నడిపిన జేమ్స్ మెక్‌డివిట్ తమ రాకెట్టు యొక్క విడిపోయిన రెండవ దశను సమీపింపబోయి, ఇట్టి చిక్కులోనే పడి, ఇంధనము వృథా యగుచుండుట చూచి ప్రయత్నమును విరమించెను.

ఇంతవరకు ఆటకు ప్రశంసయే. ఫిర్యాదులును తక్కువ కావు. భాగములను కలుపు కీళ్లు తొలిరోజులలో మిక్కిలి మెత్తన. పొడవైన రాకెట్టు చెరకుగడ వలె ఊగి విరిగెడిది. ‘మరికొన్ని ఊతకడ్డీలు బిగింపుము’ అనునది ఆటగాండ్రలో సామెత యైనది. ఆ ఊగుటయే ఆటకు అందమని కొందరందురు. నిజమైన రాకెట్టు అట్లు ఊగదు. కనుక దాని వలన కూలినప్పుడు నేర్చుకొనవలసినది ఏమున్నదని మరికొంద రడుగుదురు. మహావేగముతో పోవునప్పుడు దశాంశపు లెక్కలలోని స్వల్పదోషములు పెరిగి, నౌక నిష్కారణముగా వణికి ముక్కలగుటయు ఒకప్పుడు కలదు. ఈ కనబడని శత్రువునకు ఆటగాండ్రు ‘క్రాకెన్’ అని సముద్రరాక్షసి పేరు పెట్టిరి. పిమ్మట నిర్మాతలు నౌకను లెక్కలకు కేంద్రముగా నుంచి, లోకమునే దాని చుట్టు కదల్చి ఈ బాధను చాలవరకు తొలగించిరి.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆటలోని నౌకను ఒక్కసారికి ఒక్క గోళమే ఆకర్షించును. నిజలోకములో అన్ని గోళములును ఒకేసారి ఆకర్షించును గదా! అయినను దీనిని ఆటగాండ్రలో పెక్కురు క్షమించిరి. భౌతికశాస్త్ర పాఠములో ‘గాలి నిరోధమును విస్మరింపుము’ అని వ్రాసినట్టిదే యిది. ముందుగా తెలిసి, ఎన్నడును మారని సరళీకరణమునకు ఎవరును నొచ్చుకొనరు. వారు క్షమింపనిది నియమము యొక్క చాంచల్యము.

2023 ఫిబ్రవరిలో అసంపూర్ణరూపమున అమ్మకమునకు వచ్చిన రెండవ ఆట ఇందుకు సాక్ష్యము. దృశ్యములు మొదటిదానికంటె సుందరములు. కాని ఇంజను ఆపి యుంచిన నౌక కక్ష్య తనంతట తానే మారిపోవుచున్నదని ఆటగాండ్రు మొరపెట్టిరి. నూరుసార్లు తమ తప్పునకు నవ్వుచు కూలినవారే, తమది కాని తప్పునకు ఒక్కసారి కూలి కోపించిరి. దానిని నిర్మించుచుండిన ఉద్యోగులను 2024లో తొలగించుటతో ఆ ఆట అసంపూర్ణముగనే నిలిచిపోయినది.

మరియొక వాదము కూలిన తరువాతి సంగతి. ఈ ఆటలో ప్రయోగమునకు ముందటి క్షణమునకు మరలిపోవు వీలు కలదు. అది పౌరుషము కాదని కొందరు దానిని ముట్టరు. అది లేకున్న క్రొత్తదేదియు ప్రయత్నింప సాహసింపమని కొందరందురు. నిజమైన రాకెట్టునకు అట్టి వీలు లేదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎగిరిన తొలి ఎస్.ఎల్.వి.-3 బంగాళాఖాతములో పడినది. రెండవ దశ నియంత్రణలోని లోపమును శాస్త్రజ్ఞులు వెదకి పట్టుకొనిరి. 1980 జూలై 18న అట్టి రాకెట్టే రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఆ నడుమ గడచినది ఏడాదికి కొంచెము తక్కువ కాలము.

ఆటగాండ్ర మాటలన్నియు కలిపి చూచినచో ఓటమి గురువు కావలెనన్న మూడు వలయునని తేలును. నియమము స్థిరముగా నుండవలెను. కారణము వెదకిన దొరకవలెను. మరల యత్నించుటకు అవకాశముండవలెను. తరగతి గదిలో మొదటిది సామాన్యముగా నుండును. లెక్క తప్పిన విద్యార్థి పలకపై ఎఱ్ఱగీటు పడును. ఏ మెట్టున తప్పినదో తెలియకమునుపే తరువాతి పాఠము మొదలగును. అట్టివాడు క్రాకెన్ చేత చిక్కిన నౌకవంటివాడు: విరిగితినని యెరుగును, ఎందుకో యెరుగడు. కొన్నాళ్లకు లెక్కలు తనకు రావని నమ్మును. తప్పిన మెట్టును చూపి, ఆ లెక్కనే మరునాడు మరల చేయనిచ్చినచో, ఎఱ్ఱగీటు చూచి వాడు భయపడవలసిన పని యుండదు.