అంతర్జాలమున ఉప్పాడ తీరము



ఉప్పాడ యొడ్డున ఒక విద్యార్థియో విద్యార్థినియో సెల్‌ఫోను చేత పట్టుకొని, అలలవంకను దానివంకను మార్చి మార్చి చూచుచుండుట మీలో కొందఱు చూచియే యుందురు. చదువుకొను పిల్లలు ఆటలో పడిరని విసుగుకొని యుందురు. పలుమాఱు అది యాట కాదు. వారు ముప్పది నలువది యేండ్ల నాటి మీ తీరమును చూచుచుందురు.

ఇది యెట్లు సాధ్యమందురా? 1972లో అమెరికావారు లాండ్‌శాట్ అను ఉపగ్రహమును పైకి పంపిరి. నాటినుండి దాని వెనుక పంపినవియు భూమిని చిత్రించుచునే యున్నవి. 2008 నుండి ఆ చిత్రములను అంతర్జాలమున ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును. రెండు వేఱు సంవత్సరముల చిత్రములను ఒకదానిపై నొకటి పెట్టి చూచినచో, సముద్రము ఎంత నేల మ్రింగినదో లెక్క తేలును. తీరమున ఎచట గోడ కట్టవలెను, ఎచట రాళ్లు పోయవలెను అను ఆలోచనకు ఇట్టి లెక్కలే ఆధారములు. కావున లెక్క తప్పినచో నష్టము కాగితముతో పోదు.

తప్పుటకు వీలు కలదు. ఆ చిత్రములో ఒక్కొక్క చుక్క నేలమీద సుమారు 30 మీటర్ల చదరము. 1970ల నాటి చిత్రములలో ఇంకను పెద్దది. ఒక యిల్లు అందు విడిగా కానరాదు. అంతకంటె చిక్కు పోటు పాటులది. ఒక చిత్రము పాటువేళ తీసినది, మఱియొకటి అమావాస్య పోటున తీసినది యైనచో, నీటి గీత దానంతట నదే జరిగినట్లు తోచును. ఈ సంగతి పడవ నడిపినవానికి ఒకరు చెప్పనక్కఱలేదు. గదిలో కూర్చుండి చదివినవానికి చెప్పవలెను.

ఇక గ్రంథముల మాట. పూర్వము ఒకరు పరిశోధన చేసి వ్రాసిన దానిని చూడవలెనన్న ఆ విశ్వవిద్యాలయమునకే పోవలసి యుండెను. ఇప్పుడు గుజరాతులోని గాంధీనగరమునుండి నడచు 'శోధగంగ' అను భాండాగారమున దేశములోని వేలకొలది సిద్ధాంత వ్యాసములు ఇంటినుండియే చదువనగును. కాకినాడ యెదుట హోప్ దీవి పెరిగి ఇసుక నడక మాఱినదనియు, గోదావరి జలాశయములవలన ఒండ్రు తగ్గినదనియు పండితులు తీరపు కోతకు చెప్పు కారణములు ఇట్టి వ్రాతలలో వెదకవచ్చును. చేతి కందినది గదాయని ఎత్తి వ్రాసికొనుటకు వీలులేదు. 2018 నాటి నిబంధనల ప్రకారము ఒరులతో పోలిక నూటికి పది దాటినచో దండన కలదు. అఱువది దాటిన విద్యార్థి నమోదే రద్దగును.

అంతర్జాలమున అన్నియు ఒక తూకమువి కావు. జామ్‌దానీ చీర నమ్మువాడు దానినిగూర్చి చెప్పునది వేఱు, 2009లో ఉప్పాడ జామ్‌దానీకి భౌగోళిక గుర్తింపు నిచ్చిన ప్రభుత్వ పత్రము వేఱు. ఒకచోట ఉప్పాడ తూర్పు గోదావరి జిల్లాలోని దని యుండును, ఒకచోట కాకినాడ జిల్లాలోని దని. రెండును నిజమే, నడుమ 2022 ఏప్రిలులో జిల్లాలు విభజింపబడినవి. తేదీ చూడనివానికే అది తగవుగా తోచును. ఈ మధ్య అడిగినదానికెల్ల బదులు వ్రాయు యంత్రములు వచ్చినవి. అవి ఒక్కొక్కప్పుడు పుట్టని పుస్తకమునకు పేరును, లేని పుటకు సంఖ్యయును తడుముకొనకుండ చెప్పును. మన ఊరి కొందఱు సాక్షులవలె!

చిత్రమున కానరాని వీధి, కడలిలో కలిసిన గుడి, వలలు ఆరవేసిన మెరక యెచటనుండెనో మీకు తెలియును. ఆ పిల్లలు వచ్చి యడిగినచో "చాల యేండ్ల క్రింద" అని విడువకుడు. 1996 నవంబరు తుపానునకు ముందో వెనుకనో, ఏ బిడ్డ పుట్టిన యేడో తలచి చెప్పుడు. కన్నది కంటిననియు, విన్నది వింటిననియు వేఱుగా చెప్పుడు. వ్రాసికొనిన దానిని పోవుటకు ముందు ఒకమాఱు చదివి వినిపింపుమనుడు. వీధిపేరు తప్పినచో అరుగుమీదనే దిద్దవచ్చును; శోధగంగ కెక్కిన పిదప ఆ తప్పునే వెనుక వచ్చు పదిమంది యెత్తి వ్రాయుదురు.