గొయ్యి ఎక్కడ త్రవ్వవలెను?

కడప జిల్లాలో ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతములలో పలుచోట్ల నేలను కొంచెము త్రవ్వగానే నాపరాయి తగులును. ఇది సున్నపురాయి. దీని పగుళ్లలో నీరు సులభముగా పారును. అట్లు పారిన నీరు వేల ఏండ్లలో సున్నపురాతిని ఎంతగా కరగింపగలదో పొరుగున నంద్యాల జిల్లాలోని బేలం గుహలను చూచినవారికి తెలియును.

మరుగుదొడ్డికి ఈ రాతితో ఏమి పని? పల్లెలలో నేడు ప్రోత్సహించుచున్నది జంట గోతుల మరుగుదొడ్డి. ఒక గొయ్యి నిండగానే రెండవదానికి మార్చుదురు. మూసిన గోతిలోని నీరు నేలలో ఇంకిపోవును. మలము ఏడాది, ఏడాదిన్నరలో వాసనలేని ఎరువగును. 2017 ఫిబ్రవరిలో వరంగల్లు దగ్గరి గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, పలు రాష్ట్రముల అధికారులు స్వయముగా గోతిలో దిగి ఆ ఎరువును తోడిరి. గొయ్యి తోడుట ఒక కులము పని అను భావము పోవలెనని వారి ఉద్దేశము.

అయితే ఇంకిన నీటిలోని రోగక్రిములను వడగట్టునది మట్టి. పగిలిన రాతిలో ఆ వడపోత జరుగదు. బావికి పది మీటర్ల దూరము చాలునను లెక్క ఇచట నమ్మదగినది కాదు. కాగితము మీద త్రవ్విన గోతికి రాయి అడ్డురాదు గదా!

ఇట్టిచోట నేలపైన కట్టిన తొట్లలో మలమును, వేరుగా మూత్రమును సేకరించు పద్ధతి మేలు. మలముపై బూడిద చల్లుదురు, నీరు పోయరు. మన విసర్జనలలోని నత్రజనిలో అధికభాగము మూత్రములోనే ఉన్నది. కడప వంటి వేడి ప్రదేశమున మలమును ఏడాదికి పైగా నిలువ ఉంచి ఎరువుగా వాడవచ్చును. కాని కడుగుకొను నీరు వేరే దారిన పోవలెను. ముసలివారు మెట్లెక్కగలరా? ఆ ఎరువును ఎవరి చేనికి తోలుదురు? వీటికి బదులు చెప్పవలసినది ఇంటివారే.

కనుక ముందు ఊరివారు కూడి నేలమీద ముగ్గుపిండితో గ్రామపటము గీయవలెను. ఏ బావి వేసవిలో ఎండునో, వానకు ఏ వీధి నీరు ఏ బావి వైపు పారునో బిందె మోయు స్త్రీలకు తెలిసినంతగా ఇంజనీరుకు తెలియదు. వారిని అడుగక కట్టిన దొడ్డి తరచుగా కట్టెల కొట్టమగును.

విద్యార్థులు ఒక పరీక్ష చేయవచ్చును. అడుగు లోతు గుంటలో నీరు నింపి, గంటకు ఎన్ని అంగుళములు దిగెనో కొలువుడు. చూచుచుండగానే నీరు మాయమైనచో క్రింద పగులున్నదేమోనని అనుమానించి, ఆ చోటును పటములో గుర్తింపుడు.